ఫౌండేషన్ సీసా మీది ఎస్‌పీఎఫ్ ఏ లెక్కన వచ్చింది?

ఫ్యాన్సీ షాపులో ఫౌండేషన్ అడిగితే కౌంటర్ దగ్గర అమ్మాయి ముందు చేతి మీద మూడు నాలుగు షేడ్లు రాసి చూపిస్తుంది. ఒకటి నచ్చాక డబ్బా తిప్పి, “ఇందులో ఎస్‌పీఎఫ్ 30 కూడా ఉంది మేడమ్, మళ్లీ సన్‌స్క్రీన్ అక్కర్లేదు” అంటుంది. ఆ అమ్మాయి అబద్ధం ఆడడం లేదు. డబ్బా మీద ఆ అంకె ఉంది. పద్ధతిగా పరీక్ష చేయించిన కంపెనీ అయితే అది ప్రయోగశాలలో వచ్చిన అంకే. కానీ ఆ సీసా కొనుక్కెళ్లి రోజూ పొద్దున రాసుకునే ముఖం మీద 30 ఉండదు. చాలాసార్లు అందులో నాలుగో వంతు మిగిలితే గొప్ప. ఎందుకలా అవుతుందో లేబుల్ చెప్పదు. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియాలి.

ఎస్‌పీఎఫ్ అంటే సన్ ప్రొటెక్షన్ ఫ్యాక్టర్, ఎండ నుంచి చర్మానికి ఎంత రక్షణ దొరుకుతుందో చెప్పే అంకె. అది ఒక నిష్పత్తి. వాలంటీర్ల వీపు మీద కొంత చోట ఉత్పత్తిని రాస్తారు, పక్కనే కొంత చోటు ఏమీ రాయకుండా వదిలేస్తారు. సూర్యకాంతిని పోలిన దీపంతో రెండు చోట్లా అతినీలలోహిత కిరణాలు వేస్తారు. మర్నాడు చర్మం ఎర్రబడిందో లేదో చూస్తారు. ఏమీ రాయని చోట ఎరుపు రావడానికి పట్టిన మోతాదు కంటే రాసిన చోట 30 రెట్లు పడితే ఆ ఉత్పత్తికి ఎస్‌పీఎఫ్ 30 అని పేరు. ఐఎస్ఓ 24444 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ పరీక్ష ఎలా చేయాలో నిర్దేశిస్తుంది. ఈ కథంతా అందులోని ఒక్క షరతు చుట్టూనే తిరుగుతుంది: చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున రాయాలి.

ఆ 2 మిల్లీగ్రాములంటే ఎంతో ముఖం మీద లెక్క వేసి చూడాలి. పెద్దవాళ్ల ముఖం సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కసారికి 1.2 గ్రాములు కావాలి, అంటే పావు టీస్పూను దాకా. మామూలు ఫౌండేషన్ సీసా 30 మిల్లీలీటర్లు. రోజూ ఆ లెక్కన రాస్తే నెల తిరక్కుండానే, దాదాపు 25 రోజులకు సీసా అయిపోతుంది. అలా ఎవరూ వాడరు. మూడు నెలలకు ఒక సీసా వాడే మనిషి రోజుకు 0.33 మిల్లీలీటర్లు రాస్తున్నట్టు. అంటే పరీక్షలో రాసిన దానిలో పావు వంతు, మహా అయితే మూడో వంతు. అందులోనూ కొంత స్పాంజిలో ఇంకిపోతుంది, కొంత వేళ్లకు అంటుకుపోతుంది.

పూత పలచబడితే రక్షణ ఎంత తగ్గుతుందన్న దానిమీద ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్నింటిలో మందం ఎంత తగ్గిందో రక్షణ కూడా అంతే తగ్గింది. ఆ లెక్కన పావు వంతు రాస్తే 30 కాస్తా ఏడెనిమిదికి వస్తుంది. మరికొన్నింటిలో అంతకంటే వేగంగా పడిపోయింది. ఆ లెక్కన రెండు మూడు దగ్గర ఆగుతుంది. ఏ లెక్క పట్టుకున్నా అది 30 కాదు, 15 కూడా కాదు. ఇందులో ఫౌండేషన్ తప్పు లేదు, వాడే మనిషి తప్పు అసలే లేదు. పలచగా, చర్మంలో కలిసిపోయేలా రాసుకోవడానికే ఫౌండేషన్ తయారైంది. సన్‌స్క్రీన్ పని చేయాలంటే మందంగా రాయాలి. ఒకే సీసాలో ఈ రెండు పనులూ పెట్టి, రెండో పనికి మాత్రమే అంకె వేస్తున్నారు.

కాంపాక్ట్ పౌడర్ల దగ్గర ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 9 గ్రాముల కాంపాక్ట్ మీద ఎస్‌పీఎఫ్ 20 అని ఉందనుకుందాం. పరీక్షలో రాసినంత ముఖానికి అద్దాలంటే ఒక్కసారికే 1.2 గ్రాములు కావాలి. ఏడెనిమిది రోజుల్లో డబ్బా ఖాళీ అవుతుంది, ముఖం పిండి అద్దినట్టు ఉంటుంది. పౌడర్ మీది ఎస్‌పీఎఫ్‌ను ఎండకు రక్షణ అనుకుని లెక్కలోకి తీసుకోవడం కుదరదు. ముక్కు మీద జిడ్డు తుడుచుకుని టచప్ చేసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది, అంతవరకే.

ఇంకో అపోహ కూడా బాగా వినిపిస్తుంది. కింద ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, పైన ఎస్‌పీఎఫ్ 15 ఫౌండేషన్ రాస్తే మొత్తం 45 అవుతుందని. అలా కూడిక జరగదు. ఎస్‌పీఎఫ్ అంకెలకు, ఆగే కిరణాలకు మధ్య సంబంధం కూడా సూటి గీతలా ఉండదు. ఎర్రబరిచే కిరణాల్లో 15 దాదాపు 93 శాతం ఆపితే, 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం ఆపుతాయి. ఈ శాతాలు కూడా 2 మిల్లీగ్రాములు రాసినప్పటివే. కాబట్టి షాపులో 30కీ 50కీ మధ్య టెన్షన్ పడడం కంటే ఎంత రాస్తున్నామో చూసుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఎరుపు కొలిచే అంకె, నలుపు గురించిన బాధ

అసలు విషయం పరిమాణం దగ్గరే అయిపోలేదు. ఎస్‌పీఎఫ్ కొలిచేది చర్మం ఎర్రబడడాన్ని. ఈ పరీక్షకు ఎర్రబడడం స్పష్టంగా కనిపించే లేత రంగు చర్మం వాళ్లనే వాలంటీర్లుగా తీసుకుంటారు. తెలుగు ఇళ్లలో ఎండ గురించి వినిపించే బాధ వేరు. “ముఖం నల్లబడిపోయింది”, “బుగ్గల మీద మంగు వచ్చింది”, “నుదురు ఒక రంగు, చెంపలు ఒక రంగు అయ్యాయి” అంటారు. ఎండకు చర్మం కమిలి ఎర్రబడి పొట్టు లేచిందన్న ఫిర్యాదు చామనఛాయ చర్మంలో చాలా తక్కువ. డబ్బా ముందు భాగంలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె జవాబిచ్చేది ఎరుపు గురించిన ప్రశ్నకు. ఇక్కడివాళ్లు అడుగుతున్నది నలుపు గురించి.

ఎండలో మన దాకా వచ్చే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు: యూవీఏ, యూవీబీ. చర్మం ఎర్రబడడానికి ముఖ్య కారణం యూవీబీ కిరణాలు. నల్లబడడంలో, చర్మం త్వరగా ముదరడంలో యూవీఏ పాత్ర పెద్దది. యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తుంది. యూవీఏ అద్దంలోంచి కూడా లోపలికి వస్తుంది. రోజూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లేవాళ్లకు, ఆఫీసులో అద్దాల గోడ దగ్గర సీటు ఉన్నవాళ్లకు ఇది అక్కరకొచ్చే విషయం. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్నం యూవీ ఇండెక్స్, అంటే ఈ కిరణాల తీవ్రతను చెప్పే అంకె, 11 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 11, ఆపైన అన్నిటికన్నా తీవ్రమైన వర్గం.

అందుకే లేబుల్ మీద ఎస్‌పీఎఫ్ పక్కన చిన్నగా ఉండే పీఏ గుర్తును వెతకాలి. యూవీఏ నుంచి ఎంత రక్షణ ఉందో ప్లస్ గుర్తులతో చెప్పేది అదే. పీఏ పద్ధతి జపాన్‌లో 1996లో మొదలైంది. ఈ పరీక్షలో చర్మం మీద యూవీఏ వేసి, కొన్ని గంటల తర్వాత కూడా మిగిలి ఉన్న నలుపును చూస్తారు. ఏమీ రాయని చోటితో పోలిస్తే ఎన్ని రెట్ల మోతాదుకు ఆ నలుపు వచ్చిందో లెక్కకడతారు. 2 నుంచి 4 రెట్ల లోపు ఉంటే ఒక ప్లస్, 4 నుంచి 8 లోపు రెండు, 8 నుంచి 16 లోపు మూడు ప్లస్‌లు. 16, ఆపైన నాలుగు. ఈ నాలుగో ప్లస్ 2013లో చేరింది. చామనఛాయ చర్మానికి ఎస్‌పీఎఫ్ కంటే ఈ ప్లస్‌లే దగ్గరి చుట్టాలు. ఎస్‌పీఎఫ్ 50 ఉండి పీఏ గుర్తే లేని సీసా కంటే, ఎస్‌పీఎఫ్ 30, పీఏ నాలుగు ప్లస్‌లు ఉన్న సీసా ఇక్కడి అవసరానికి ఎక్కువ పనికొస్తుంది. మందం షరతు మాత్రం పీఏకి కూడా వర్తిస్తుంది.

యూరప్ నుంచి వచ్చిన డబ్బాల మీద పీఏ బదులు ఒక గుండ్రని గీతలో యూవీఏ అన్న అక్షరాలు ఉంటాయి. యూరోపియన్ కమిషన్ 2006లో చేసిన సిఫార్సు ప్రకారం, యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్ అంకెలో కనీసం మూడో వంతు ఉన్నప్పుడే ఆ గుర్తు వేస్తారు. అమెరికా డబ్బాల మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాస్తారు. యూవీఏ రక్షణ ఉందా లేదా అని మాత్రమే అది చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు.

ఫౌండేషన్ నిజంగా గెలిచే చోటు

ఇంతవరకు చదివితే ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ దండగ అనిపించవచ్చు. దండగ కాదు. దాని అసలు బలం ఆ అంకెలో లేదు, రంగులో ఉంది. ఈ సంగతిని లేబుల్ ముందు భాగంలో ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

చర్మాన్ని నల్లబరిచేవి అతినీలలోహిత కిరణాలు మాత్రమే కావు. కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా, అందులో ముఖ్యంగా ఊదా, నీలం భాగం, చామనఛాయ, నల్లటి చర్మాల్లో రంగును పెంచుతుంది, ఆ రంగు చాలాకాలం నిలుస్తుంది. బాగా తెల్లటి చర్మంలో ఈ ప్రభావం దాదాపు కనిపించదు. మంగు ఉన్నవాళ్లలో ఇది చాలా ముఖ్యం. గర్భం వచ్చినప్పుడో, హార్మోన్ మాత్రలు వాడినప్పుడో మొదలైన మంగు, మంచి సన్‌స్క్రీన్ రోజూ రాస్తున్నా తగ్గకుండా వేధించడానికి ఇదొక కారణం. రంగు లేని సన్‌స్క్రీన్ కనిపించే వెలుగును పెద్దగా ఆపలేదు. రాస్తే కనిపించకుండా ఉండాలనే కదా దాన్ని తయారుచేసేది. ఎస్‌పీఎఫ్ గానీ పీఏ గానీ ఈ వెలుగును కొలవవు.

దీన్ని ఆపేవి ఐరన్ ఆక్సైడ్లు. ఫౌండేషన్‌కు చర్మపు రంగు తెచ్చేవి అవే. పదార్థాల జాబితా చివర్లో సీఐ (కలర్ ఇండెక్స్) అన్న అక్షరాలతో మూడు రంగుల నంబర్లు కనిపిస్తాయి: సీఐ 77491 ఎరుపు, సీఐ 77492 పసుపు, సీఐ 77499 నలుపు. ఈ మూడూ ఇనుము ఆక్సైడ్లే. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్‌లతో ఇవి కలిసినప్పుడు కనిపించే వెలుగుకు కూడా కొంత అడ్డు ఏర్పడుతుంది. మంగు ఉన్నవాళ్లకు చర్మ వైద్యులు రంగున్న సన్‌స్క్రీన్ రాయమని చెప్పడం వెనక ఉన్న కారణం ఇదే. కింద మంచి సన్‌స్క్రీన్ సరిపడా రాసి, అది ఆరాక పైన ఫౌండేషన్ వేసుకునే మనిషికి ఆ పూత అలంకారంతో పాటు మరో పొర రక్షణ కూడా ఇస్తుంది. రంగు పొరగా ఫౌండేషన్ చేసే మేలు దాని ఎస్‌పీఎఫ్ అంకె ఇచ్చే ధీమా కంటే నమ్మదగినది.

సీసా వెనక్కి తిప్పితే

వెనక వైపు చదవాలంటే జాబితా ఉండాలి కదా. ఇక్కడ మన నిబంధనల్లో ఒక కంత ఉంది. భారతదేశంలో సన్‌స్క్రీన్ గానీ, సన్‌స్క్రీన్ ఉన్న ఫౌండేషన్ గానీ సౌందర్య సాధనాల కిందికే వస్తాయి. వీటికి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద వచ్చిన 2020 కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో లేబుల్ మీద ఉండాలి. పదార్థాల పేర్లు కూడా రాయాలి. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా, మిగతావి ఏ వరుసలోనైనా రాయవచ్చు. అయితే 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్న ద్రవాలకు, 30 గ్రాముల కంటే తక్కువ ఉన్న ఘన పదార్థాలకు ఈ జాబితా నుంచి మినహాయింపు ఉంది. ఫౌండేషన్ సీసా 30 మిల్లీలీటర్లు, కాంపాక్ట్ 9 గ్రాములు. చోటు చాలదని చిన్న ప్యాకులకు ఇచ్చిన మినహాయింపులోకి ఫౌండేషన్ల ప్రపంచం దాదాపు మొత్తం వచ్చి పడింది. పేరున్న కంపెనీలు చాలావరకు జాబితా వేస్తూనే ఉన్నాయి. అయినా ముఖానికి రోజూ రాసుకునే వస్తువులో ఏముందో చెప్పడం కంపెనీ మర్యాద మీద ఆధారపడకూడదు.

జాబితా ఉన్నప్పుడు కూడా కొంచెం జాగ్రత్తగా చదవాలి. టైటానియం డయాక్సైడ్ రెండు వేషాల్లో కనిపిస్తుంది. ఒకటి కిరణాలను ఆపే ఫిల్టర్‌గా, ఇంకొకటి సీఐ 77891 పేరుతో తెల్ల రంగుగా. ప్లస్, మైనస్ కలిసిన గుర్తు తర్వాత వచ్చే పేర్లు ఆ శ్రేణిలోని షేడ్లన్నిటిలో వాడే రంగులు. చేతిలో ఉన్న సీసాలో అవన్నీ ఉండాలని లేదు. టైటానియంను తెల్ల రంగుగా కూడా వాడతారు కాబట్టి ఎస్‌పీఎఫ్ అంకె లేని ఫౌండేషన్‌లో కూడా రంగు రూపంలో కొంత టైటానియం ఉండొచ్చు, అది కొంత పనిచేయొచ్చు. కొలవని దాన్ని నమ్ముకోలేం. ఎథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అన్న పొడవాటి పేరు కనిపిస్తే అది యూవీబీని ఆపేది. బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అని ఉంటే అది యూవీఏను ఆపే అవోబెంజోన్. ఈ రెండే పక్కపక్కన ఉండి, నిలకడ ఇచ్చే ఆక్టోక్రిలీన్ లాంటిదేదీ లేకపోతే ఎండ తగిలే కొద్దీ అవోబెంజోన్ త్వరగా నీరసిస్తుంది. జింక్ ఆక్సైడ్ యూవీఏ వైపు టైటానియం కంటే ఎక్కువ దూరం కాపలా కాస్తుంది. ఈ పేర్లు గుర్తుంటే డబ్బా వెనక భాగం సగం అర్థమైనట్టే.

“యూవీ ఫిల్టర్లు ఉన్నాయి”, “సన్ ప్రొటెక్షన్‌తో” అని రాసి అంకె వేయని లేబుళ్లు కూడా ఉంటాయి. ఫిల్టర్ ఉందని చెప్పడం తప్ప అవి ఇంకేమీ చెప్పవు.

ఒకే వస్తువు, వేర్వేరు చోట్ల వేర్వేరు రకాలు

అమెరికా నుంచి వచ్చే చుట్టాలు సూట్‌కేసులో తెచ్చే మేకప్ సీసాలు తెలుగు ఇళ్లలో కొత్తేమీ కాదు. అదే బ్రాండు ఫౌండేషన్ ఇక్కడ కొన్నది, అక్కడి నుంచి వచ్చింది పక్కపక్కన పెట్టి చూస్తే లేబుళ్ల తేడా తెలుస్తుంది. అమెరికాలో ఎస్‌పీఎఫ్ ఉన్న ప్రతి ఉత్పత్తీ, ఫౌండేషన్ అయినా లిప్‌బామ్ అయినా, చట్టం దృష్టిలో మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందులకు ఉన్నట్టే దాని మీద డ్రగ్ ఫ్యాక్ట్స్ అనే పెట్టె ఉంటుంది. అందులో ముందుగా పనిచేసే పదార్థాలు, వాటి శాతాలు ఉంటాయి. టైటానియం డయాక్సైడ్ ఎంత శాతమో, జింక్ ఎంత శాతమో చూసుకోవచ్చు. మన డబ్బాల మీద ఆ శాతాలు కనిపించవు. ఎండలోకి వెళ్లడానికి 15 నిమిషాల ముందు ధారాళంగా రాయాలని, కనీసం రెండు గంటలకోసారి మళ్లీ రాయాలని కూడా ఆ పెట్టెలో ఉంటుంది. ఫౌండేషన్‌ను ధారాళంగా రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకునే మనిషి ఎక్కడా ఉండరు. అయినా ఆ అంకెకు ఒక షరతు ఉందన్న సంగతి ఆ లేబుల్ దాచలేదు.

అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో తెచ్చిన నిబంధనల్లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. ఎస్‌పీఎఫ్ 15 కంటే తక్కువ ఉన్నా, బ్రాడ్ స్పెక్ట్రమ్ కాకపోయినా, ఇది ఎండకు కమిలిపోకుండా మాత్రమే సాయపడుతుందని, చర్మ క్యాన్సర్‌ను గానీ చర్మం ముదరడాన్ని గానీ ఆపుతుందని రుజువు కాలేదని హెచ్చరిక రాయాలి. సన్‌స్క్రీన్ల మీద వాటర్‌ప్రూఫ్, స్వెట్‌ప్రూఫ్, సన్‌బ్లాక్ అన్న మాటలు కూడా అప్పుడే నిషేధించారు. నీటిని తట్టుకుంటుందని చెప్పాలంటే 40 నిమిషాలా, 80 నిమిషాలా అన్నది రాయాలి.

ఆస్ట్రేలియాలో ఇంకో రకం. ఎండ నుంచి కాపాడడమే ముఖ్య పని అయిన సన్‌స్క్రీన్లు అక్కడ చికిత్సా ఉత్పత్తులు, వాటి మీద ఆస్ట్ ఎల్ అనే నంబరు ఉంటుంది. ఎస్‌పీఎఫ్ ఉన్న ఫౌండేషన్ రెండో రకం సన్‌స్క్రీన్, సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. ముఖ్య పని ఏది, కొసరు పని ఏది అన్న తేడాను చట్టమే గుర్తించింది. యూరప్‌లో రెండూ సౌందర్య సాధనాలే.

కఠినమైన నిబంధనలున్న చోట కూడా అంకె తప్పుతుంది. 2025లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ చాయిస్ 20 సన్‌స్క్రీన్లను పరీక్ష చేయిస్తే 16 తాము చెప్పుకున్న అంకెను అందుకోలేదు. 50+ అని రాసుకున్న ఒక ఖరీదైన ఉత్పత్తి 4 దగ్గర ఆగింది. అదే ఏడాది మన దేశంలో రెండు పెద్ద కంపెనీల మధ్య సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ పరీక్షల గురించి, ప్రకటనల గురించి నడిచిన తగాదా ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. సన్‌స్క్రీన్ల పరిస్థితే ఇలా ఉంటే, ఎస్‌పీఎఫ్‌ను కొసరుగా వేసుకునే ఫౌండేషన్ అంకెలను ఎంత జాగ్రత్తగా చూడాలో వేరే చెప్పక్కర్లేదు.

తేదీల సంగతి కూడా చూసుకోవాలి. తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటే మూత తీశాక అన్ని నెలలు వాడొచ్చని అర్థం. గడువు తేదీ దూరంగా ఉన్నా మూత తీసి ఏడాదిన్నర అయితే ఆ సీసాలోని ఫిల్టర్లు లేబుల్ మీద రాసినంత పని చేస్తాయన్న భరోసా లేదు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డులో పెట్టి మరిచిపోయిన సీసా అయితే మరీను.

ఇవన్నీ చదవగలగాలంటే భాష కూడా అడ్డు కాకూడదు. ప్యాకెట్ల మీద తప్పనిసరి వివరాలు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉంటే చాలని మన తూనికలు, కొలతల నిబంధనలు చెబుతాయి. అదనంగా వేరే భాషలో వేయడానికి అభ్యంతరం లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంత అమ్ముకునే కంపెనీలు ప్రకటనలను తెలుగులో ఇస్తాయి, డబ్బాను మాత్రం ఇంగ్లిష్‌లోనే వదిలేస్తాయి.

లేబుల్ మీద అదనంగా కావాల్సింది పెద్ద వ్యాసమేమీ కాదు. పంపు ఉన్న సీసా అయితే, ముఖం మొత్తానికి ఎన్ని పంపులు రాస్తే ఆ ఎస్‌పీఎఫ్ వస్తుందో ఒక్క అంకె. పంపు లేకపోతే అంత పరిమాణాన్ని చూపించే చిన్న బొమ్మ. దాని పక్కన, ఇంతకంటే తక్కువ రాసేవాళ్లు కింద విడిగా సన్‌స్క్రీన్ వేసుకోవాలి అన్న ఒక్క వాక్యం. 30 మిల్లీలీటర్ల సీసా వెనక దానికి చోటు సరిపోతుంది. అలాంటి వాక్యం వచ్చే వరకు పొద్దున్న తయారయ్యేటప్పుడు వరుస ఇలా పెట్టుకోవచ్చు: ముందు పావు టీస్పూను సన్‌స్క్రీన్, చెవులకు, మెడకు ఇంకొంచెం, అది ఆరడానికి పది పదిహేను నిమిషాలు, ఆ తర్వాత ఇష్టమైనంత పలచగా ఫౌండేషన్.